నెల్లూరు కుర్రాడు నార్వే తరఫున మాట్లాడితే: మోడల్ యూఎన్‌లో అసలు జరిగేదేమిటి?

‘ఎంయూఎన్‌కి పేరిచ్చాను’ అని పిల్లలు ఇంటికొచ్చి చెబితే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా చాలామంది తల్లిదండ్రులకు వెంటనే అర్థం కాదు. వక్తృత్వ పోటీయా? జనరల్ నాలెడ్జి పరీక్షా? ఐక్యరాజ్యసమితి వాళ్లు పెడుతున్నదా? అయితే ఫీజు ఎందుకు కట్టాలి? పైగా మనవాడికి పాకిస్తాన్ వచ్చిందట, వాళ్ల తరఫున వాదించాలట, ఇదేం చోద్యం? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగింది కాబట్టి ఇది కూడా అలాంటిదేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు.

పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అధ్యక్షుడు ఉంటాడు, మైకు ఉంటుంది, పిల్లలు పెద్దల పాత్రలు పోషిస్తారు. కానీ లోపలి లెక్క పూర్తిగా వేరు. ఆ తేడా దగ్గర మొదలుపెడితే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

పైన ప్రభుత్వం లేని సభ

అసెంబ్లీలో అధికార పక్షం, ప్రతిపక్షం ఉంటాయి. మెజారిటీ ఉన్నవాళ్లు బిల్లు నెగ్గించుకుంటారు. అది చట్టమయ్యాక వ్యతిరేకంగా ఓటేసినవాళ్లు కూడా పాటించాల్సిందే. కేంద్రంలో పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67 నుంచి నడుపుతున్న యూత్ పార్లమెంటు పోటీలకూ ఇదే పునాది.

దేశాల మధ్య అలా కుదరదు. ఐక్యరాజ్యసమితిలో 193 సభ్య దేశాలున్నాయి. వాటి పైన ఇంకో ప్రభుత్వం లేదు. సర్వప్రతినిధి సభ, అంటే జనరల్ అసెంబ్లీ, చేసే తీర్మానాలు సంస్థ బడ్జెట్ వంటి సొంత వ్యవహారాలను మినహాయిస్తే సిఫార్సులే. భద్రతా మండలి నిర్ణయాలకు మాత్రం సభ్య దేశాలు కట్టుబడాలని సమితికి రాజ్యాంగం లాంటి చార్టర్‌లోని 25వ అధికరణం చెబుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఏకాభిప్రాయం లేకుండా పెద్ద నిర్ణయాలు జరగవు. అంటే ఓట్లలో గెలిచినంత మాత్రాన పని అయిపోదు. ఓడినవాడు ‘నేను చేయను’ అని ఇంటికి వెళ్లిపోవచ్చు. అతన్ని ఒప్పించాలి, లేదా అతనికి కావాల్సింది ఏదో ఇవ్వాలి.

ఈ పరిస్థితిని విద్యార్థులు సాధన చేసే నమూనా సభే మోడల్ యునైటెడ్ నేషన్స్, పొట్టిగా ఎంయూఎన్. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి రోజుల్లోనే అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి సభలు మొదలయ్యాయి. హార్వర్డ్ సభ 1955 నుంచి, నెదర్లాండ్స్‌లోని హేగ్ సభ 1968 నుంచి నడుస్తున్నాయి. మన కాలేజీల్లో జరిగేవి ఆ కాలేజీలో, విద్యార్థి బృందాలో, కార్యక్రమాల నిర్వాహకులో సొంతంగా పెట్టుకునేవి. ఐక్యరాజ్యసమితి వీటిని నడపదు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ మీద సమితి చిహ్నంలోని ఆలివ్ కొమ్మల బొమ్మ ఉన్నా అది ఐక్యరాజ్యసమితి ఇచ్చినది కాదు. ఫీజు కట్టే ముందు ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం అపోహ పోతుంది.

హాలులో వినబడే మాటలు

పాల్గొనే విద్యార్థిని డెలిగేట్ అంటారు. ఒక్కో డెలిగేట్‌కు ఒక దేశం ఇస్తారు. ఆ దేశం పేరున్న అట్టముక్క, అదే ప్లకార్డు, ఎత్తితేనే మాట్లాడే అవకాశం వస్తుంది. అందరూ కలిసి కూర్చునేది కమిటీ. అందులో చర్చించే అంశం ఎజెండా. సభ నడిపేవాళ్లను మన దేశంలో ఎగ్జిక్యూటివ్ బోర్డు అంటారు, పిల్లల నోట ‘ఈబీ’. సభకు ముందే తమ దేశం వైఖరిని ఒకటి రెండు పేజీల్లో రాసి ఇవ్వమంటారు. అది పొజిషన్ పేపర్.

ఇక్కడే చాలామంది కొత్తవాళ్లు తడబడతారు. పొజిషన్ పేపర్‌లో రాయాల్సింది సమస్య గురించి మన అభిప్రాయం కాదు. ఆ దేశ ప్రభుత్వం ఇప్పటికే ఏం చెప్పింది, ఎక్కడ ఓటేసింది, ఏ ఒప్పందం మీద సంతకం పెట్టింది, ఎందుకు అన్నది రాయాలి. అందుకే సభలో ఎవరైనా ఆధారం అడిగితే ఐక్యరాజ్యసమితి పత్రాలు, ప్రభుత్వాల ప్రకటనలు, పేరున్న వార్తా సంస్థల కథనాలు చూపించాలి. వికీపీడియా చూపిస్తే ఈబీ సాధారణంగా ఒప్పుకోదు.

పాకిస్తాన్ తరఫున మాట్లాడటం తప్పా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. రైతుకు నచ్చినా నచ్చకపోయినా బ్యాంకు వాదన ఏమిటో తెలియకుండా బ్యాంకుతో బేరం చేయలేడు. ఎదుటి దేశం వాదనను లోపలి నుంచి చూసిన విద్యార్థికి దాని బలం ఎక్కడుందో, డొల్లతనం ఎక్కడుందో రెండూ తెలుస్తాయి. అయితే ఈ అభ్యాసం మీద నిజమైన అభ్యంతరం ఒకటుంది. పదిహేనేళ్ల పిల్లలకు ‘నమ్మనిదాన్ని నమ్మినట్టు మాట్లాడటం’ నేర్పడం మంచిదేనా అని కొందరు ఉపాధ్యాయులు అడుగుతారు. పాత్ర ముగిశాక పిల్లలతో కూర్చుని ‘నీ సొంత అభిప్రాయం ఏమిటి, ఎందుకు’ అని మాట్లాడించే సభల్లో ఈ ప్రమాదం తక్కువ. బహుమతులిచ్చి బస్సెక్కించే సభల్లో ఆ సంభాషణ జరగదు. నా దృష్టిలో అభ్యంతరం పాత్ర మీద కాదు, ఆ చివరి గంట ఎగిరిపోవడం మీద ఉండాలి.

మన తీరానికి తగిలే ఎజెండా: చేపల వేట రాయితీలు

నియమాలు పొడిగా చెప్పుకుంటే బుర్రకెక్కవు. ఒక కమిటీని ఊహించుకుందాం. నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీ హాలు, 30 దేశాలు, ఎజెండా సముద్రంలో చేపల వేటకు ప్రభుత్వాలు ఇచ్చే రాయితీలు. కావలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన అబ్బాయికి నార్వే వచ్చింది. ఆత్మకూరు వైపు మెట్ట ఊరి అమ్మాయికి భారతదేశం వచ్చింది. వేట గురించి ఇంట్లో రోజూ వినేవాడు రాయితీలు తగ్గించాలనే వైపు, సముద్రాన్ని సెలవుల్లో మాత్రమే చూసిన అమ్మాయి మత్స్యకారుల వైపు.

ఈ అంశం ఎందుకంటే, ఇది ఇప్పటికీ తేలని అసలు చర్చ. 2022 జూన్ 17న జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం చేపల వేట రాయితీల మీద ఒక ఒప్పందం చేసింది. మూడింట రెండొంతుల సభ్యుల ఆమోదం అందాక 2025 సెప్టెంబరు 15న అది అమల్లోకి వచ్చింది. అది మూడు రకాల రాయితీలను నిషేధిస్తుంది. అక్రమంగా, లెక్క చెప్పకుండా, నియంత్రణ లేకుండా చేసే వేటకు ఇచ్చేవి ఒకటి. ఇప్పటికే నిల్వలు మితిమీరి తరిగిపోయిన చేపల వేటకు ఇచ్చేవి రెండోది. ఏ దేశపు నియంత్రణా, ఏ ప్రాంతీయ సంస్థ నియంత్రణా లేని బహిరంగ సముద్రంలో వేటకు ఇచ్చేవి మూడోది.

అసలు గొడవ ఇందులో లేనిదాని గురించి. అవసరానికి మించి పడవలు, ఇంజన్లు, డీజిలు పెరగడానికి కారణమయ్యే రాయితీలను ఏం చేయాలన్నది అప్పుడు తేలలేదు. 2024లో అబుదాబి సమావేశంలోనూ తేలలేదు. ఒప్పందం అమల్లోకి వచ్చిన నాలుగేళ్లలో సమగ్ర నిబంధనలు కుదరకపోతే, సంస్థ జనరల్ కౌన్సిల్ వేరే నిర్ణయం తీసుకుంటే తప్ప, ఇప్పుడున్న ఒప్పందం కూడా రద్దయిపోతుందని అందులోనే రాసుకున్నారు.

భారత్ వాదన క్లుప్తంగా ఇది: సముద్రాలను ఖాళీ చేసింది దూరతీరాలకు వెళ్లి వేటాడే పెద్ద నౌకల దేశాలు. ముందు వాళ్లు ఆపాలి. మా చిన్న మత్స్యకారులకు ఇచ్చేది పొట్టకూటి సాయం. నిబంధనలు మాకు వర్తించడానికి 25 ఏళ్ల గడువు కావాలి. దీనికి ఎదురు వాదన కూడా తేలిగ్గా తీసేయదగింది కాదు. చేపలకు పేద పడవ, గొప్ప పడవ అన్న తేడా తెలియదు, లక్ష చిన్న పడవలు కలిస్తే అదీ పెద్ద వేటే, 25 ఏళ్లు ఆగితే కాపాడుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు అని అవతలివాళ్లు అంటారు. నార్వే ఒకప్పుడు మత్స్య పరిశ్రమకు భారీగా రాయితీలిచ్చి తర్వాత బాగా తగ్గించుకున్న దేశం కాబట్టి ‘మేం చేసి చూపించాం’ అనగలదు. ఫిజీ లాంటి పసిఫిక్ ద్వీప దేశాలు తమ సముద్రం చుట్టూ తిరిగే విదేశీ నౌకలకు అడ్డుకట్ట కోరతాయి. చైనా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రాయితీలిచ్చే దేశమని పరిశోధకుల అంచనా. అయినా 2022 ఒప్పందాన్ని అది ఆమోదించింది.

మన ప్రాంతంలో పిల్లలు తప్పక అడిగే రెండు సందేహాలు ఇక్కడే తీర్చుకోవాలి. మొదటిది రొయ్యల చెరువుల గురించి. నెల్లూరు, ప్రకాశం పేరు చెబితే వెనామీ గుర్తొస్తుంది కాబట్టి ఈ ఒప్పందం చెరువులను కూడా పట్టుకుంటుందని అనుకుంటారు. పట్టుకోదు. సముద్రంలో సహజంగా పెరిగే చేపల వేటకే ఇది వర్తిస్తుంది. ఆక్వా సాగు, నదులూ చెరువుల్లో వేట దీని పరిధిలో లేవు. అమెరికా సుంకాల వల్ల రొయ్య రైతుకు వచ్చిన కష్టం వేరే కథ, వేరే కమిటీ.

రెండోది వేట నిషేధ భృతి. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో బతకడానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. ఇది రాయితీయా కాదా? ‘వేటాడకుండా ఆగినందుకు ఇచ్చే డబ్బు వేటను పెంచదు, సముద్రానికి మేలే చేస్తుంది’ అని భారత డెలిగేట్ చెప్పవచ్చు. ‘ఆ డబ్బు లేకపోతే కొందరు వేరే పని వెతుక్కునేవాళ్లు, ఉన్నందువల్ల పడవల సంఖ్య తగ్గడం లేదు’ అని అవతలి డెలిగేట్ అనవచ్చు. లీటరుకు ఇంత అని ఇచ్చే డీజిల్ రాయితీ మీద మాత్రం భారత్‌కు ఇంత బలమైన జవాబు దొరకదు. డీజిలు చవకైతే పడవ ఇంకొంచెం దూరం వెళుతుంది, ఇంకొంచెం సేపు ఉంటుంది. ఒకే ఊరికి వచ్చే రెండు రకాల సాయాన్ని ఇలా విడదీసి చూడగలగడమే ఈ కమిటీకి సిద్ధమవడం అంటే.

ఇంకో మాట. తమిళనాడు నుంచి పెద్ద మరబోట్లు మన తీరానికి బాగా దగ్గరగా వచ్చి వలలు లాగేస్తున్నాయని నెల్లూరు మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. సముద్రంలో బోట్లను అడ్డగించి ఒడ్డుకు తెచ్చిన ఘటనలూ ఉన్నాయి. అక్కడ మనం ఫిజీ స్థానంలో ఉన్నాం. జెనీవాలో పెద్ద నౌకల దేశాలకు ఎదురు నిలిచేటప్పుడు కూడా కొంత అలాంటి మాటే మాట్లాడతాం. ఆ బోట్లు వచ్చే తమిళనాడు కడలూరు వాళ్లు మాత్రం ‘మేమూ చిన్నవాళ్లమే, మాదీ పొట్టకూడే’ అంటారు. భారత్ జెనీవాలో అనేదీ ఇంచుమించు ఇదే. కావలి అబ్బాయికి ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. నార్వే తరఫున లేచి నిలబడ్డప్పుడు అతని చేతిలో ఉన్న అసలు బలం అదే.

మైకు దగ్గర నిమిషం, గోడ పక్కన గంట

సభ హాజరుతో మొదలవుతుంది. పిలిచినప్పుడు ‘ప్రెజెంట్’ అనవచ్చు, ‘ప్రెజెంట్ అండ్ ఓటింగ్’ అనవచ్చు. రెండోది అన్నవాళ్లు చివరి తీర్మానం మీద తటస్థంగా ఉండటానికి వీల్లేదు, అటో ఇటో తేల్చాల్సిందే. తర్వాత జనరల్ స్పీకర్స్ లిస్ట్ తెరుస్తారు. వరుసలో వచ్చి ఒక్కొక్కరు ఒకటి ఒకటిన్నర నిమిషం తమ దేశం వైఖరి చెబుతారు.

చిన్న అంశం మీద లోతుగా వెళ్లాలంటే ఎవరో ఒకరు మోడరేటెడ్ కాకస్ కావాలని ప్రతిపాదిస్తారు. పిల్లలు ‘మోడ్’ అంటారు. ఇంత సమయం, ఒక్కొక్కరికి ఇన్ని సెకన్లు, ఈ ఉప అంశం అని ముందే చెప్పి ఓటు వేయించుకోవాలి. లెక్క వేసి చూడండి. 10 నిమిషాల మోడ్, ఒక్కొక్కరికి నిమిషం అంటే మాట్లాడేది 10 మంది. 30 మంది కమిటీలో 20 మందికి అవకాశమే రాదు. ‘మా అమ్మాయికి మైకే ఇవ్వలేదట’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఈబీ పక్షపాతం కాదు, ఈ లెక్కే.

అందుకని మాట్లాడలేనివాళ్లు చిట్లు రాస్తారు. కాగితం ముక్క మీద ‘భారత్‌కు నార్వే నుంచి’ అని రాసి పంపిస్తే చేతులు మారుతూ వెళుతుంది. ఈబీ ద్వారా పంపితే వాళ్లు చదివి మార్కుల్లోకి తీసుకుంటారు. నేరుగా పంపితే అది ఇద్దరి మధ్య బేరం. ఆ చిట్లలో ఇంగ్లీషు రెండు వాక్యాలకు మించి నిలవదు. ‘ఏందిది, 25 ఏళ్లంటే ఎవరు ఒప్పుకుంటారు? 12కి దిగు, మిగతా సంగతి నేను చూసుకుంటా’ అని తెలుగులోకి దిగిపోతుంది. బేరం నిజంగా మొదలైందనడానికి అదే గుర్తు.

అసలు పని జరిగేది అన్‌మోడరేటెడ్ కాకస్‌లో. సభా నియమాలు కాసేపు పక్కన పెట్టి అందరూ లేచి, గుంపులు గుంపులుగా చేరి, తీర్మానం ముసాయిదా రాసుకునే సమయం అది. బయటి నుంచి చూసేవాళ్లకు సంతలా కనిపిస్తుంది. ఇక్కడ ల్యాప్‌టాప్ ఎవరి ఒళ్లో ఉందో వాళ్ల చేతిలో వాక్యం ఉంటుంది. అందుకే బాగా మాట్లాడేవాళ్లు మైకును వెతుక్కుంటారు, బాగా తెలిసినవాళ్లు కీబోర్డును వెతుక్కుంటారు.

ఒక్క క్లాజు ఎన్ని చేతులు మారుతుందో

తీర్మానంలో రెండు భాగాలుంటాయి. మొదటి భాగం నేపథ్యం: ఫలానా ఒప్పందాన్ని గుర్తుచేసుకుంటూ, ఫలానా పరిస్థితికి ఆందోళన చెందుతూ అని సాగుతుంది. రెండోది అసలు చేయాల్సిన పనులు, అంకెలు వేసిన క్లాజులు. ముసాయిదాను తయారుచేసి బాధ్యత తీసుకునేవాళ్లు స్పాన్సర్లు. సిగ్నేటరీలు అంటే ‘ఇది చర్చకు రావాలి’ అని సంతకం పెట్టినవాళ్లు మాత్రమే, సమర్థిస్తున్నట్టు కాదు.

మన ఊహా కమిటీలో ఫిజీ, నార్వే కలిసి మొదట ఇలా రాశాయనుకుందాం: ‘సముద్రంలో చేపల వేటకు ఇచ్చే అన్ని రాయితీలనూ సభ్య దేశాలు 5 ఏళ్లలో ఎత్తివేయాలి.’ చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. ‘అన్ని’ అంటే కొత్తపట్నం ఫైబర్ పడవా, నెలల తరబడి ఒడ్డుకు రాని నౌకా ఒకటే అయిపోతాయి. భారత్ దీన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు.

భారత్ తిరగరాస్తుంది: ‘దూర సముద్రాల్లో వేటాడే నౌకలకు రాయితీలను వెంటనే నిలిపివేయాలి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలిలో వేటాడే చిన్న మత్స్యకారులకు ఇది వర్తించదు.’ ఆర్థిక మండలి అంటే చేపల మీద ఆ తీర దేశానికే హక్కుండే సముద్రం. ఇప్పుడు నార్వే అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. చిన్న మత్స్యకారుడంటే ఎవరు? పడవ పొడవు చూస్తారా, ఇంజన్ శక్తి చూస్తారా, ఆదాయం చూస్తారా? 200 మైళ్ల దాకా వెళ్లేవాడు చిన్నవాడెలా అవుతాడు?

కావలి అబ్బాయికి ఇక్కడ జవాబు తెలుసు. తెల్లవారుజామున వెళ్లి పొద్దెక్కేసరికి తిరిగొచ్చే పడవ ఎంత దూరం వెళుతుందో ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. 200 మైళ్లు చిన్న పడవకు అక్కర్లేదని అతనికి తెలుసు, అది ఎందుకు అడుగుతున్నారో కూడా తెలుసు. సముద్రం మీద హక్కు వదులుకోకూడదని. మెట్ట ఊరి అమ్మాయికి ఇది చిట్టు మీద వచ్చాక ఆమె కొలత మార్చుకుంటుంది: రాయితీకి మినహాయింపు పడవ పొడవును బట్టి, ఆర్థిక మండలి మీద దేశం హక్కు గురించి వేరే క్లాజు. ఒక చిక్కు రెండుగా విడిపోయింది. ఇద్దరూ తలో మెట్టు దిగారు, ఎవరూ ఓడలేదు.

గడువు దగ్గర మాత్రం ఆగిపోయిందనుకోండి. అప్పుడు నిజమైన దౌత్యవేత్తలు చేసేది తేలని అంకెలన్నీ చదరపు బ్రాకెట్లలో పెట్టి ముందుకు వెళ్లడం: ‘[5] [12] [25] ఏళ్లలో’. జెనీవాలో పై అధికారులు చూసే ముసాయిదాల్లో ఇలాంటి బ్రాకెట్లు ఎన్నో ఉంటాయి. చర్చలు ముగియడమంటే బ్రాకెట్లు తీసేయడమే. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు విద్యుత్తును పూర్తిగా మానుకోవాలన్న వాక్యాన్ని, క్రమంగా తగ్గించాలి అని మార్చాలని భారత్ చివరి ఘడియల్లో పట్టుబట్టింది. దాదాపు 200 పక్షాల ఒప్పందం ఆ మార్పు మీద ఊగిసలాడింది. చాలా దేశాలు బాహాటంగానే అసంతృప్తి చెప్పాయి, అయినా మార్పుతోనే ఒప్పుకున్నాయి. క్లాజు మీద గంటలు పోతున్నాయని విసుక్కునే పిల్లలకు ఆ రోజు సంగతి చెప్పాలి.

అవే ఓట్లు, మూడు ఫలితాలు

చివరికి తీర్మానం ఓటింగ్‌కు వచ్చింది. 30 దేశాల్లో అనుకూలం 14, వ్యతిరేకం 9, తటస్థం 7. నెగ్గిందా?

జనరల్ అసెంబ్లీ పద్ధతిలో తటస్థంగా ఉన్నవాళ్లు ఓటు వేయనట్టే లెక్క. మిగిలింది 23. సాధారణ మెజారిటీ చాలు అనుకుంటే 14 మంది 9 మంది కన్నా ఎక్కువ కాబట్టి తీర్మానం నెగ్గింది. అంతర్జాతీయ శాంతి, భద్రత వంటి ముఖ్యమైన అంశాలకు చార్టర్ మూడింట రెండొంతులు కోరుతుంది. 23లో రెండొంతులంటే 16 ఓట్లు కావాలి. అంటే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. ప్రపంచ వాణిజ్య సంస్థ పద్ధతిలోనైతే అసలు లెక్కపెట్టే పనే లేదు. సమావేశంలో ఉన్న ఒక్క సభ్య దేశమైనా లేచి అధికారికంగా అభ్యంతరం చెబితే ఏకాభిప్రాయం లేనట్టే. ఇక్కడ తొమ్మిది మంది ఉన్నారు. అదే పద్ధతిలో, ఇష్టం లేకపోయినా నోరు మెదపకుండా కూర్చుంటే ఒప్పుకున్నట్టు లెక్క. వాణిజ్య సంస్థలో మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్తి అంగీకారం.

భద్రతా మండలిది నాలుగో దారి. 15 సభ్యుల్లో 9 ఓట్లు రావాలి, అయిదు శాశ్వత సభ్య దేశాల్లో ఎవరూ వ్యతిరేకించకూడదు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద ముసాయిదాకు 11 ఓట్లు వచ్చాయి. రష్యా వీటో చేసింది, భారత్, చైనా, యూఏఈ తటస్థంగా ఉన్నాయి. పదకొండు మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపు, అయినా తీర్మానం లేదు. అదే విషయం మార్చి 2న జనరల్ అసెంబ్లీకి వెళితే 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 తటస్థంతో నెగ్గింది. కానీ దానికి కట్టుబడాల్సిన చట్టపరమైన బాధ్యత లేదు. భారత్ రెండుచోట్లా తటస్థమే. అలాంటి కమిటీలో భారత ప్లకార్డు అందుకున్న విద్యార్థికి తటస్థత అంటే చెప్పడానికేమీ లేకపోవడం కాదు. ఎందుకు అటూ ఇటూ వెళ్లలేదో మిగతా అందరికన్నా ఎక్కువ వివరించాల్సి వస్తుంది.

కాబట్టి చేపల వేట కమిటీని ఏ నియమాలతో నడుపుతున్నారన్నది చిన్న విషయం కాదు. మెజారిటీ నియమం పెడితే ఫిజీ, నార్వే ఓట్లు పోగేసుకుంటాయి, భారత్‌ను పట్టించుకోనక్కర్లేదు. ఏకాభిప్రాయ నియమం పెడితే భారత్‌తో కూర్చోక తప్పదు. చాలా ఎంయూఎన్‌లు ఏ సంస్థ పేరు పెట్టినా మెజారిటీ ఓటింగే నడుపుతాయి. సమయం లేకపోవడం, గెలుపోటములు స్పష్టంగా కనబడటం అందుకు కారణాలు కావచ్చు. నిజానికి జనరల్ అసెంబ్లీలోనే చాలా తీర్మానాలు ఓటింగ్ లేకుండా ఏకాభిప్రాయంతో ఆమోదం పొందుతాయి. ఇది గమనించి ఐక్యరాజ్యసమితి సమాచార విభాగం అసలు పద్ధతికి దగ్గరగా ఉండే నియమాలతో మార్గదర్శి కూడా తయారుచేసింది. మన దగ్గర ఆ నియమాలు వాడే సభలు అరుదు.

బహుమతి ఎవరికి, ఎందుకు

మన సభల్లో బెస్ట్ డెలిగేట్, హై కమెండేషన్, స్పెషల్ మెన్షన్ అని బహుమతులుంటాయి. వీటి మీద అభిప్రాయాలు గట్టిగానే చీలిపోయి ఉన్నాయి.

బహుమతి లేకపోతే పిల్లలు చదివి రారు, ట్రోఫీ కోసమైనా నార్వే మత్స్య విధానం తెలుసుకుంటారు కదా అని నిర్వాహకులు అంటారు. ఇందులో నిజముంది. ఇంటర్ సిలబస్‌లో లేని విషయాన్ని రాత్రి కూర్చుని చదివించే శక్తి పోటీకి ఉంది. అవతలివాళ్లు చెప్పేది ఏమిటంటే, ఒక్కరికే ట్రోఫీ ఉన్నచోట ఎవరూ మెట్టు దిగరు. తన పేరు స్పాన్సర్ల జాబితాలో పైన ఉండాలని కొట్లాడతారు, పక్కవాడి క్లాజు బాగున్నా చేర్చుకోరు, గొంతు పెద్దదైతే నాయకత్వం అనుకుంటారు. హేగ్ సభ వ్యక్తిగత బహుమతులు లేకుండానే దశాబ్దాలుగా నడుస్తోంది. కాబట్టి బహుమతులు లేకపోతే సభే నడవదన్న వాదన నిలవదు. నా మొగ్గు రెండో వైపే. రాజీ పడటం నేర్పాల్సిన చోట రాజీ పడనివాడికి కప్పు ఇస్తే నేర్పింది ఏమిటి? ముసాయిదాలో ఎవరి క్లాజు ఎంతమంది చేతులు మారి నిలబడిందో చూసి మార్కులిచ్చే ఈబీలు ఉన్నారు. అది మధ్యేమార్గం.

డబ్బు సంగతి కూడా ఉంది. ఫీజు, సూటు, ప్రయాణం, హైదరాబాదులోనో చెన్నైలోనో బస అంటే కార్పొరేట్ కాలేజీ పిల్లలకూ ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకూ మధ్య గోడ ఇంకొంచెం లేస్తుంది. సూటు వేసుకోవాలని ఐక్యరాజ్యసమితి నియమమేమీ లేదు, మర్యాదగల దుస్తులు చాలు. ఈ ఖర్చులో చాలా భాగం అలవాటు వల్ల వచ్చిందే తప్ప అవసరం వల్ల కాదు.

తెలుగులో నడిపితే?

అన్నిటికన్నా పెద్ద గోడ ఇంగ్లీషు. కాలుష్యం గురించి, వేట గురించి, వలసల గురించి చక్కగా చెప్పగల పిల్లలు మైకు ముందు గ్రామర్ టెన్షన్‌తో ముడుచుకుపోతారు. వీళ్లకన్నా సగం తెలిసినవాళ్లు ధారాళంగా మాట్లాడి పేరు కొట్టేస్తారు.

ఇంగ్లీషే ఉండాలనేవాళ్లకు రెండు బలమైన కారణాలున్నాయి. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నాయి, అందులో తెలుగు లేదు, ఒప్పందాల మూలపాఠాలు ఇంగ్లీషులో దొరుకుతాయి, తెలుగులో దొరకవు. పైగా బయటి రాష్ట్రాల సభలకు వెళ్లాలన్నా, పెద్ద చదువులకు వెళ్లాలన్నా ఇంగ్లీషులో నిలదొక్కుకోవాల్సిందే, ఈ సభలు అందుకు మంచి అభ్యాసం.

కానీ జనరల్ అసెంబ్లీ నియమాలే వేరే భాషలో మాట్లాడటానికి వీలిస్తాయి. మాట్లాడేవాళ్లు అనువాదం ఏర్పాటు చేసుకుంటే చాలు. 1977లో విదేశాంగ మంత్రిగా వాజపేయి అక్కడ హిందీలో మాట్లాడారు. మన జిల్లాల్లో తెలుగు కమిటీ పెడితే పిల్లలు ప్రసంగాలు, బేరాలు తెలుగులో చేసి, ముసాయిదాను రెండు భాషల్లో రాసుకోవచ్చు. అప్పుడు ఇంగ్లీషు పోదు, ఒప్పందాన్ని ఇంగ్లీషులో చదివి తెలుగులో వాదించాల్సి వస్తుంది కాబట్టి చదివింది అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇందులో నిజమైన ఇబ్బంది ఒకటే: ఈబీ కుర్చీలో కూర్చోగలవాళ్లు. వాణిజ్య సంస్థ నియమాలూ తెలిసి, తెలుగులో సభ నడపగలిగి, ఆర్థిక మండలి అంటే ఏమిటో అడిగిన పదో తరగతి పాపకు అక్కడికక్కడ చెప్పగలిగేవాళ్లు కావాలి. ఆ మనుషులు మన కాలేజీల్లో లేకపోలేదు. రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం చెప్పే లెక్చరర్లు ఉన్నారు, మత్స్యశాఖలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉన్నారు. నాలుగు సభల్లో ప్లకార్డు పట్టి ఇప్పుడు డిగ్రీకి వచ్చిన సీనియర్లూ ఉన్నారు. నిర్వాహకులు ఇప్పటిదాకా వీళ్ల దగ్గరకు పెద్దగా వెళ్లలేదు. నగరాల నుంచి పేరున్న ఈబీలను పిలిపించి, వాళ్ల ప్రయాణ ఖర్చును కూడా పిల్లల ఫీజులోనే కలుపుతున్నారు.